పెన్సిల్ రాతలు వదిలేయాలి

బేగంపేటలో మూడో అంతస్తు, ఏసీ కింద సీటు నాది.
తెర మీద ఎవరిదో సముద్రం.
ఎనిమిది మడతల కాగితాన్ని స్కాన్ చేసి పంపారు:
ఎన్నడో కట్టిన నౌకాదళం ఊరు,
దాని చుట్టూ కొండలెక్కి దిగే నడకదారులు.
అసలు పేరుకి మాకు నోరు తిరగదు,
టీమంతా ఓడలూరు అంటాం.

గీత మీద గీత గీయడం నా పని.
ఎర్ర చుక్కలు కాలిబాట,
గోధుమరంగు మెలికలు గుట్ట ఎత్తు,
నీలం గుర్తుంటే తాగే నీళ్లు.
ఒక కంచె దగ్గర బుల్లి గుర్తు,
గొర్రెలు ఆగిపోయి మనుషులు మాత్రం దాటే మెట్టట.
దానికి తెలుగులో ఏమనాలో
మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల ముందు కొట్లాడుకున్నాం.

నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారి,
మచిలీపట్నంలో, పెళ్లికి పోయినప్పుడు,
చెప్పులు చేత పట్టుకుని పది నిమిషాలు.
ఓడలూరి తీరాన్ని మాత్రం
పదిహేడు రోజులుగా గోరంత గోరంత నడుస్తున్నాను.
ఏ వంపులో అల రాయిని కొరికిందో
కళ్లు మూసుకుని చెప్పగలను.

రేవు నడుమ తెల్లగా వదిలేసిన చోటుంది.
అక్కడ యుద్ధనౌకల పని,
అక్కడ మ్యాపు నోరు మూసుకుంటుంది.
అయినా ఆ తెలుపును చీల్చుకుంటూ ఒక చుక్కలదారి
తాళ్లు పేనే పొడుగు కొట్టం పక్కగా,
నావికుల సమాధుల మీదుగా
అటు ఒడ్డుకు తేలింది.
తప్పేమోనని రుఖియా మేడమ్‌కి చూపించాను.
ఆమె క్లయింటును అడిగింది.
రెండు రోజులకు జవాబు:
తప్పు కాదు. గోడ కంటే దారి పాతది.
జనం నడిచిన దారిని మూసే హక్కు గోడకు లేదు.

మూడుసార్లు చదివాను.
మళ్లీ చుక్కలు పెట్టాను, ఒక్కటీ తప్పిపోకుండా.

రాత్రి క్యాబ్‌లో వాన.
సఫిల్‌గూడకి అడ్డదారి మిలిటరీ గేటులోంచి.
ఐలేశ్ బండి ఆపాడు.
సెంట్రీ టార్చి మా ముఖాల మీద తిప్పి
"బంద్" అన్నాడు.
తర్జుమా అక్కర్లేని మాట.
పాపం, అతని రెయిన్‌కోటు భుజం దగ్గర చిరిగి ఉంది.
ఐలేశ్ ఏదో గొణిగి బండి తిప్పాడు,
మెట్టుగూడ చుట్టుకుని, ఇంకో ముప్పావుగంట.

మా నాయనమ్మ ఆ గేటు లేనప్పుడు
గోంగూర, తోటకూర గంపకెత్తుకుని
తెల్లారకముందే ఆ దారిన మోండాకి నడిచేది.
గోడ కంటే పాతది, మా నాయనమ్మ.
ఏ కాగితం మీదా ఆమెకు చుక్కలు లేవు.

చెప్పడం మరిచాను,
ఓడలూరి కాగితం మీద ఎవరో పెన్సిల్‌తో రాసుకున్నారు.
దీపస్తంభం దాటాక, మలుపులో:
ఇక్కడే వాన పట్టుకుంది.
కిందుగా ఒక పేరు, కొట్టేసి ఉంది.
ఇంకోచోట ఉత్త సున్నా, ఎందుకో ఏమో.
మా రూల్స్‌లో నాలుగోది:
మడతలు, మరకలు, పెన్సిల్ రాతలు వదిలేయాలి.
వదిలేశాను. జీతం దానికే.

ఆదివారం మాత్రం
కరెంటు బిల్లు వెనకాల
నాయనమ్మ దారి గీయడం మొదలుపెట్టాను.
మోరీ, రైలుకట్ట, కుక్కలు వెంటపడే చోటు,
గంప దించి ఊపిరి పీల్చుకున్న బండ.
ఆ బండ ఎక్కడని అమ్మనడిగితే
పొద్దున ఒకచోటు చెప్పింది, రాత్రి ఇంకోచోటు.
రెండుచోట్లా పెట్టాను.

స్కేలు రాయలేదు.
గంప బరువును బట్టి మారుతుంది.